ఇచ్ఛాపురం నుంచి బరంపురం దాకా: సరిహద్దు తీరంలో ఎవరి భాష ఏది, ఏ లెక్కను ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు చెబుతాను. మీ తాతగారిది బరంపురంలో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఆంధ్రలోని ఇచ్ఛాపురం నుంచి ఒడిశాలోని ఛత్రపురం దాకా ఉన్న కోస్తాలో తెలుగువారు ఎందరు, ఒడియావారు ఎందరు అని మీరు వెతికితే జనాభా లెక్కల్లో ఒక చిత్రం, ఊళ్లలో చెవిన పడే మాటల్లో మరొక చిత్రం కనిపించాయి. ఈ రెండింటిలో ఏది నిజమన్నది మీ సందేహం. నేను ఆంధ్ర వైపు సరిహద్దు మండలాల ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుడిగా పనిచేశాను. జనగణన విధుల్లో ఇంటింటికీ తిరిగి మాతృభాష గడి నింపాను, తరువాత కొత్త గణకులకు శిక్షణ కూడా ఇచ్చాను. ఆ అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

సూటి సమాధానం: సరిహద్దుకు దక్షిణాన శ్రీకాకుళం జిల్లాలో తెలుగువారు అత్యధికులు, ఒడియా మాతృభాషగా గలవారు జిల్లా మొత్తంలో తక్కువే అయినా ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస మండలాల్లో గుర్తించదగిన సంఖ్యలో ఉన్నారు. ఉత్తరాన ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒడియావారు అత్యధికులు. అక్కడ తెలుగుది రెండవ స్థానం, ముఖ్యంగా బరంపురం నగరంలోనూ సముద్రపు ఒడ్డు పల్లెల్లోనూ. లెక్కలు చెప్పే ఈ మాట తప్పు కాదు. అయితే జనగణన లెక్కించేది మనిషి చెప్పిన మాతృభాషను. మీరు బజారులో విన్నది అతడు వాడుతున్న భాషను. ఈ ప్రాంతంలో చాలామందికి ఆ రెండూ ఒకటి కావు, అందువల్ల రెండు చిత్రాలూ నిజమే.

ఇక వివరంగా చెబుతాను. 2011 జనగణన పత్రంలో భాషకు సంబంధించినవి రెండు ప్రశ్నలు మాత్రమే ఉన్నాయి: ఒకటి మాతృభాష, రెండవది తెలిసిన ఇతర భాషలు. గణకులకు ఇచ్చిన సూచనల ప్రకారం మాతృభాష అంటే బాల్యంలో ఆ వ్యక్తితో తల్లి మాట్లాడిన భాష. పసితనంలోనే తల్లి మరణించి ఉంటే బాల్యంలో ఆ ఇంట ప్రధానంగా మాట్లాడిన భాషను రాయాలి. ఇంకా మాటలు రాని పసిపిల్లల విషయంలో తల్లి మాట్లాడే భాషను రాయాలి. ఒకే ఇంట్లో ఉన్నవారందరి మాతృభాష ఒకటేనని అనుకోరాదని, ప్రతి ఒక్కరి విషయం విడిగా అడగాలని, వారు చెప్పినది భాషా మాండలికమా అన్న చర్చ పెట్టుకోకుండా చెప్పినది చెప్పినట్టు రాయాలని ఆ సూచనల్లో స్పష్టంగా ఉంది. ఇతర భాషల గడిలో ఎక్కువ వచ్చినదాన్ని ముందుంచి రెండింటిని రాయవచ్చు. వాటిని చదవడం, రాయడం రానవసరం లేదు.

నిబంధన ఇంత చక్కగా ఉన్నా గడపలో జరిగేది వేరు. మా వైపు పెళ్లి సంబంధాలు సరిహద్దును లెక్కచేయవు. కవిటి మండలంలో తెలుగు మాట్లాడే ఇంటికి గంజాం వైపు నుంచి ఒడియా ఇంటి పిల్ల కోడలుగా వస్తుంది. ఆమె తన పిల్లలతో ఒడియాలో మాట్లాడుతుంది, అత్తగారితో తెలుగులో మాట్లాడుతుంది. సూచనల ప్రకారం ఆ పిల్లల మాతృభాష ఒడియా. కానీ గణకుడు వచ్చేసరికి వరండాలో కూర్చున్న ఇంటి పెద్ద "మాదంతా తెలుగే, అందరికీ అదే రాసుకోండి మాస్టారూ" అంటాడు. గణకుడికి ఆ పూట ఇంకా ఎన్నో ఇళ్లు మిగిలి ఉంటాయి, ఎండ ముదురుతూ ఉంటుంది. ఇంట్లోకి వెళ్లి కోడలిని విడిగా అడిగేవారు తక్కువ. పట్టణంలోని ఒడియా కుటుంబాల్లో దీనికి తలకిందులైన పరిస్థితిని కూడా చూశాను. పిల్లలు పొద్దస్తమానం తెలుగులోనే మాట్లాడుకుంటున్నా తాతగారు ఇంటిల్లిపాదికీ ఒడియా అనే రాయిస్తారు. అది ఆయనకు వంశగౌరవానికి సంబంధించిన విషయం. దాన్ని అబద్ధమనడానికి నాకు మనసొప్పదు. శిక్షణ ఇచ్చేటప్పుడు నేను మిగిలిన గడులకన్నా ఈ ఒక్క గడి గురించే ఎక్కువసేపు మాట్లాడేవాణ్ని.

పత్రం గణకుడి చేయి దాటిన తరువాత మరొక మార్పు జరుగుతుంది. 2011లో దేశమంతటా ప్రజలు తమ మాతృభాషగా చెప్పిన పేర్లు 19,569. పరిశీలన తరువాత వాటిని 1,369 మాతృభాషలుగా స్థిరపరిచి, పదివేల మందికి పైగా మాట్లాడేవారు ఉన్నవాటిని 121 భాషల కింద చేర్చారు. అంటే మీకు పట్టికలో "ఒడియా" అని కనిపించే అంకె ఒక్క ఒడియాది కాదు, దాని కింద సంబల్‌పురి, దేసియా, భత్రి వంటివి కూడా ఉన్నాయి. మన ప్రాంతానికి ముఖ్యమైనది వాటిలోని రెల్లి. ఉత్తరాంధ్ర పట్టణాల్లో తరతరాలుగా పారిశుద్ధ్య పనుల్లోనూ పండ్లు, కూరగాయల వ్యాపారంలోనూ ఉన్న రెల్లి కులస్తులు తమ ఇళ్లలో మాట్లాడుకునే భాష ఒడియాకు దగ్గరిది కావడంతో జనగణన దాన్ని ఒడియా కింద చేరుస్తుంది. ఇచ్ఛాపురంలోని ఒడియా బ్రాహ్మణ కుటుంబమూ, శ్రీకాకుళం పట్టణంలోని రెల్లి కుటుంబమూ పై పట్టికలో ఒకే అంకెలో కలిసిపోతాయి. ఇద్దరి చరిత్ర వేరు, బతుకు వేరు, పిల్లల చదువు వేరు. రెల్లివారు తమ భాష పేరును స్పష్టంగా చెప్పి రాయించుకున్నప్పుడు మాత్రమే ఉపవిభాగాల పట్టికలో వారి లెక్క విడిగా తేలుతుంది.

పాత అంకెలను కొత్త అంకెలతో నేరుగా పోల్చవద్దు. తెలుగువారు పెరిగారా, తరిగారా అని వాదించే చాలామంది జిల్లా పేరు ఒకటే కదా అని 1931 అంకె పక్కన 2011 అంకెను పెట్టి నిర్ణయానికి వస్తారు. పేరు నిలిచినంత మాత్రాన జిల్లా నిలిచినట్టు కాదు. మద్రాసు రాజధాని (ప్రెసిడెన్సీ)లోని గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1న రెండు ముక్కలైంది. బరంపురం, ఛత్రపురం, గంజాం ప్రాంతాలు కొత్తగా ఏర్పడిన ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లాయి. ఇచ్ఛాపురం పట్టణమూ దానికి దక్షిణాన ఉన్నవీ మద్రాసులో మిగిలి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950 ఆగస్టు 15న వాటిని విడదీసి శ్రీకాకుళం జిల్లా ఏర్పరిచారు. 1992లో గంజాం నుంచి పర్లాకిమిడి కేంద్రంగా గజపతి జిల్లా వేరుపడింది. 2022 ఏప్రిల్‌లో శ్రీకాకుళం నుంచి పాలకొండ, సీతంపేట వంటి మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాకు, రాజాం విజయనగరం జిల్లాకు వెళ్లాయి. 2011లో శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, గంజాం జిల్లా జనాభా 35,29,031. మొదటి అంకె నేటి శ్రీకాకుళానికి వర్తించదు. సీతంపేట కొండల్లోని సవర భాషీయులు పట్టికలో శ్రీకాకుళం కిందే ఉన్నారు, పరిపాలనలో మాత్రం ఇప్పుడు మరొక జిల్లాకు చెందుతారు.

1936 నాటి విభజన గురించి కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే మీ తాతగారి తరం ఆ గీతకు ఇరువైపులా పెరిగింది. సరిహద్దును నిర్ణయించడానికి 1931లో శామ్యూల్ ఓడోనెల్ అధ్యక్షతన సంఘం ఏర్పడినప్పుడు తెలుగు పక్షం, ఒడియా పక్షం రెండూ జనగణన అంకెలనే ఆయుధాలుగా తెచ్చాయి. తమవారిని అవతలి భాషవారిగా రాశారని రెండు పక్షాలూ ఆరోపించాయి. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి ఒడియా రాష్ట్రం కోసం పాటుపడి, తరువాత 1937లో ఆ రాష్ట్రపు మొదటి ప్రధాని (నేటి ముఖ్యమంత్రి వంటి పదవి) అయ్యారు. అదే పర్లాకిమిడిలో దశాబ్దాల పాటు ఉపాధ్యాయుడిగా ఉండి, సవర భాష నేర్చి, దానికి వ్యాకరణమూ నిఘంటువూ కూర్చిన గిడుగు రామమూర్తి పంతులు ఆ పట్టణాన్ని ఒడిశాలో కలపడాన్ని వ్యతిరేకించారు. కలిపిన ఏడాదే దాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరారు. ఇద్దరూ తమ తమ భాషలను ప్రాణప్రదంగా ప్రేమించినవారే. చివరకు మహేంద్రతనయ నదికి ఒక గట్టున ఉన్న పర్లాకిమిడి ఒడిశాకు, అవతలి గట్టున ఉన్న పాతపట్నం మద్రాసుకు దక్కాయి. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరు అవతలి వైపు మిగలక తప్పని ప్రాంతమది.

తీరం వెంబడి ఉన్నవారిలో నేను ముందుగా చెప్పదలచినది మత్స్యకారులను. వాడబలిజ, జాలరి కులాలకు చెందిన తెలుగు మత్స్యకారులు ఇచ్ఛాపురం దగ్గరే ఆగిపోలేదు. గోపాలపురం తీరం మీదుగా పూరీ దాకా వారి పల్లెలు ఉన్నాయి. పూరీలో వారిని నోలియాలు అంటారు, అక్కడి పెంటకోట వారి పెద్ద పల్లె. వేటకు వెళ్లే పడవ మీద, వల బాగుచేసుకునే చోట, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. చేపల బేరం ఒడియాలో సాగుతుంది. పిల్లల బడి ఒడియాలోనే. వారిలో చాలామంది తెలుగును ధారాళంగా మాట్లాడతారు గాని ఒక్క అక్షరం చదవలేరు. అక్షరం లేకుండా ఒక భాష తరాల తరబడి ఇంత గట్టిగా నిలవడానికి కారణం వృత్తి, కులం, పెళ్లి ఈ మూడూ ఒకే భాషలో నడవడమేనని నా అభిప్రాయం. వృత్తి మారిన కుటుంబాల్లో తెలుగు ఎంత త్వరగా జారిపోతుందో చూసినవారు దీన్ని కాదనలేరు.

బరంపురం తెలుగు కథ వేరు. అది పట్టు నేతకు పేరుపడిన ఊరు. తెలుగు మూలం గల డేరా అనే కులపు నేతకారులు మహురి రాజుల కాలంలో అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. రెండేళ్లకోసారి జరిగే బుఢీ ఠాకురాణి జాతరలో నేటికీ ప్రధాన బాధ్యత ఆ నేతకారుల కులపెద్దదే. ఊరంతా, భాషతో నిమిత్తం లేకుండా, ఆ జాతరలో పాల్గొంటుంది. వీరికి తోడు మద్రాసు పాలనలో ఉద్యోగులుగా, న్యాయవాదులుగా, వర్తకులుగా వచ్చిన తెలుగు కుటుంబాలు ఉన్నాయి. మన నాలుగవ రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో అక్కడి తెలుగు కుటుంబంలోనే పుట్టారు. 2011లో ఆ నగర జనాభా సుమారు మూడున్నర లక్షలు. అక్కడి తెలుగు కుటుంబాలతో నాకున్న పరిచయాన్ని బట్టి చెబితే, అరవై దాటినవారు తెలుగు చదవగలరు, వారి పిల్లలు మాట్లాడగలరు, మనుమలు అర్థం చేసుకుంటారు. ఈ మూడు తరాల మాతృభాష గడిలోనూ "తెలుగు" అనే ఉంటుంది. అంటే తెలుగు కుటుంబంలోంచి జారిపోతున్న సంగతి ఆ గడిలో తెలిసేసరికి ఒక తరం గడిచిపోతుంది. మీ తాతగారి ఊళ్లో తెలుగు ఎలా ఉందో తెలియాలంటే ఆ గడిని కాక, పదేళ్ల పిల్లవాడు తమ్ముడితో ఏ భాషలో పోట్లాడుతున్నాడో చూడండి.

ఆంధ్ర వైపు ఒడియాకు కూడా ఇదే జరుగుతోంది, అది నాకు ఇంకా దగ్గరి విషయం. ఉద్దానం కొబ్బరి తోటల మధ్య ఉన్న ఒడియా ఇళ్ల పిల్లలకు నేను పాఠాలు చెప్పాను. వారికి ఇంట్లో ఒడియా, వీధిలో తెలుగు, ఇప్పుడు బడిలో ఇంగ్లీషు. ఒడియా మాధ్యమ పాఠశాలలు ఉన్నాయి. కానీ ఉపాధ్యాయుడు పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలో ఒడియా తెలిసినవారు రావడానికి కాలం పడుతుంది. ఆ సమయంలో తల్లిదండ్రులు పిల్లల్ని పక్క బడికి మారుస్తారు. సంఖ్య తగ్గిందని తరువాత ఆ పోస్టు నింపరు. సరిహద్దు అవతల తెలుగు మాధ్యమ పాఠశాలల వారు చెప్పే బాధ కూడా అక్షరాలా ఇదే. ఈ విషయంలో ఒక రాష్ట్రాన్ని పొగిడి మరొకదాన్ని తిట్టడానికి నాకు కారణం కనిపించదు.

ఇక్కడే జనాభా అంకెకు అసలు విలువ తెలుస్తుంది. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 350-ఏ అధికరణం ప్రకారం, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, అందులోని ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలి. ఆచరణలో వాడే కొలత 1949 నాటి విద్యామంత్రుల సమావేశం నుంచి వచ్చింది: బడి మొత్తంలో 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాష పిల్లలు ఉంటే ఆ భాష చెప్పే ఉపాధ్యాయుణ్ని ఇవ్వాలి. పరిపాలనకు వేరే కొలత ఉంది: ఒక జిల్లాలో గాని, మునిసిపాలిటీ, తాలూకా వంటి చిన్న ప్రాంతంలో గాని ఒక భాషవారు 15 నుంచి 20 శాతం ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ నోటీసులు ఆ భాషలోనూ వెలువడాలని 1956 నాటి రక్షణల పత్రం చెబుతుంది. శ్రీకాకుళం జిల్లా సగటు మాత్రమే చూసి "ఒడియావారు కొద్దిమందే" అనేవారు ఈ రెండవ కొలతను మరచిపోతున్నారు. సరిహద్దు మండలాల్లో వారి వాటా ఆ సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువ. బరంపురంలో తెలుగువారి విషయంలోనూ జిల్లా అంకె కన్నా నగరపు అంకె చూడటమే న్యాయం.

రెండు పెద్ద భాషల తగవులో వినిపించకుండా పోయే సవర భాష గురించి కూడా చెప్పాలి. అది తెలుగులా ద్రావిడ భాష కాదు, ఒడియాలా ఆర్య భాష కాదు. ముండా కుటుంబానికి చెందినది. తీరానికి కొద్ది దూరంలోనే, మందస వెనుక మహేంద్రగిరి వైపు కొండల్లో సవరలు ఉన్నారు. వారపు సంతకు దిగివచ్చే సవర స్త్రీ మూడు భాషల్లో బేరం చేయగలదు. ఆ సంతలో అన్ని భాషలు వచ్చినది తరచుగా ఆమె ఒక్కతే. అవతలివారెవరూ ఆమె భాష నేర్చుకోలేదు. ఆంధ్రలో సవరను తెలుగు లిపిలోనూ, ఒడిశాలో ఒడియా లిపిలోనూ రాస్తారు. 1936లో మంగేయి గొమాంగో ఆ భాష కోసమే సొరాంగ్ సొంపెంగ్ అనే లిపిని రూపొందించారు. 2000 తరువాతి తొలి సంవత్సరాల్లో రెండు రాష్ట్రాలూ సవర పిల్లలకు తొలి తరగతులు వారి భాషలోనే బోధించే కార్యక్రమాన్ని మొదలుపెట్టాయి. అయితే ఒకే భాష పిల్లలు కొండకు ఇటు ఒక లిపిలో, అటు ఒక లిపిలో చదువుతుంటే ఇక్కడి పుస్తకం అక్కడ పనికిరాదు. తెలుగు, ఒడియాల గురించి వాదించే మనం ఈ విషయంలో ఆ పిల్లలకు బాకీ పడి ఉన్నామని నేను గట్టిగా నమ్ముతాను.

వలస గురించి ఒక్క మాట. గంజాం నుంచి సూరత్ మరమగ్గాలకు, శ్రీకాకుళం తీరం నుంచి గుజరాత్‌లోని వెరావల్ వైపు చేపల వేటకు వేలాది పురుషులు వెళతారు. లెక్కింపు జరిగిన ఫిబ్రవరిలో, అది ముగిసేదాకా ఊళ్లో లేనివారు ఇక్కడి లెక్కలోకి రారు. 2011లో శ్రీకాకుళం జిల్లాలో వెయ్యి మంది పురుషులకు 1,015 మంది స్త్రీలు ఉండటానికి ఈ వలస ఒక ముఖ్య కారణం. మత్స్యకార పల్లెల అంకెలు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇక మీరు చేయవలసినది. 2011 మాతృభాషల పట్టికను సి-16 అంటారు. అందులో జిల్లా దగ్గర ఆగకుండా ఉపజిల్లా, పట్టణ స్థాయికి వెళ్లండి. ఆంధ్రలో ఉపజిల్లా అంటే మండలం, ఒడిశాలో జనగణన ఉపజిల్లా అంటే పోలీసు ఠాణా పరిధి. రెండింటి విస్తీర్ణాలు సమానం కావు కనుక ఊరికి ఊరు పోల్చేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎందరికి రెండు, మూడు భాషలు వచ్చునో చెప్పే సి-17 పట్టిక రాష్ట్ర స్థాయిలోనే దొరుకుతుంది. మన సరిహద్దుకు అన్నిటికన్నా పనికివచ్చే సమాచారమే చిన్న ప్రాంతాలవారీగా అందుబాటులో లేకపోవడం నన్ను చాలాకాలంగా బాధిస్తున్న విషయం. మీ తాతగారి కాలం కోసం మద్రాసు రాజధాని 1931 జనగణన సంపుటాల్లో గంజాం జిల్లా పట్టికలు చూడండి. అది విభజనకు ముందు జరిగిన చివరి లెక్క.

రాబోయే జనగణనకు 2027 మార్చి 1ని ప్రమాణ తేదీగా ప్రకటించారు. ఎవరి వివరాలు వారే నమోదు చేసుకునే వీలు కూడా ఈసారి ఉంది. బరంపురంలో మీ బంధువులు ఇంకా ఉంటే వారికి రెండు విషయాలు చెప్పండి. ఇంటిలోని ప్రతి ఒక్కరి మాతృభాషను వారినే అడిగి విడిగా నింపాలి. ఇతర భాషల గడిని ఖాళీగా వదలకూడదు. ఒడియా వచ్చిన తెలుగువాడు ఒడియా అని, తెలుగు వచ్చిన ఒడియా కోడలు తెలుగు అని అందులో తప్పక రాయించాలి.